ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే జవాబు ఖాళీగా ఎందుకొస్తోంది?

తర్వాత ఇక్కడికొచ్చి చదివేవాళ్లకు కూడా ఉపయోగపడుతుందని మీ ప్రశ్నను ముందు నా మాటల్లో పెడుతున్నాను. మీ దగ్గర బంగాళాఖాతానికి సంబంధించిన ఒక ఏడాది సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత రెండు చోట్ల నుంచి తెచ్చినది ఉంది. ఒకటి యూరప్ వాళ్ల ఎరా-5 (కొలతలు, మోడల్ కలిపి పాత వాతావరణాన్ని తిరిగి కట్టిన డేటా), దాన్ని రోజువారీ సగటుగా మార్చుకున్నారు. రెండోది అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవా వాళ్ల ఓఐఎస్‌ఎస్‌టీ, అంటే కొలతల నుంచి కట్టిన రోజువారీ సముద్ర ఉష్ణోగ్రత. రెండూ పావు డిగ్రీ గ్రిడ్, అంటే పావు డిగ్రీకో బిందువు. రెండింట్లోనూ 5 నుంచి 22 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80 నుంచి 95 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు కత్తిరించుకున్నారు. పైథాన్‌లో ఎక్స్‌అరే అనే లైబ్రరీతో తెరిచి మొదటిదాంట్లోంచి రెండోది తీసేయబోతే మెమరీ అయిపోయి కెర్నల్ ఆగిపోయింది. డైమెన్షన్ల, అంటే అక్షాంశం, రేఖాంశం లాంటి అక్షాల పేర్లు ఒకటి చేశాక మెమరీ గొడవ పోయింది కానీ, జవాబు సున్నా సైజుతో ఖాళీగా వచ్చింది. చివరికి డాట్ వాల్యూస్ పెట్టి ఒట్టి అంకెలు బయటికి తీసి, ఒకదాంట్లో 69 వరసలు, ఇంకోదాంట్లో 68 ఉన్నాయని చివరి వరస, చివరి నిలువు కోసేసి తీసివేత చేశారు. అంకెలు వచ్చాయి. "ఇలా చేస్తే సరిపోతుందా సార్, ప్రాజెక్టు సబ్మిషన్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది" అన్నారు.

సరిపోదు. ఆ మూడోదాన్ని దయచేసి రిపోర్టులో పెట్టకండి. మొదటి రెండుసార్లు సాఫ్ట్‌వేర్ మీకు నిజమే చెప్పింది. మూడోసారి దాని నోరు మీరే మూసేశారు. కోపంతో అంటున్న మాట కాదు. విశాఖలో ఇరవై ఏళ్లుగా సముద్రం డేటాతోనే పని చేస్తున్నాను, నా దగ్గరికి వచ్చిన ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు సరిగ్గా ఈ దారిలోనే వచ్చి ఇదే చోట ఆగారు.

రెండు అంకెల మధ్య మైనస్ పెడితే అది తీసివేత. రెండు డేటా ఆబ్జెక్టుల మధ్య పెడితే మాత్రం అక్కడ జరిగేవి రెండు పనులు. ముందు ఇందులోని ఏ అంకెకు అందులోని ఏ అంకె జోడీయో తేలాలి. తీసివేత ఆ తర్వాత. తీసివేతలో కంప్యూటర్ తప్పు చేయదు. తప్పులన్నీ జోడీ కట్టడంలోనే ఉంటాయి, ఆ జోడీ ఎలా కట్టాలో ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో పద్ధతి.

ఒక క్లాసు మార్కుల రిజిస్టర్ అనుకోండి. అర్ధ సంవత్సరం పరీక్ష మార్కులు రోల్ నంబరు వరసలో రాశారు, సంవత్సరాంతం పరీక్ష మార్కులు ర్యాంకు వరసలో రాశారు. ఎవరెంత మెరుగయ్యారో చూడాలంటే మొదటి కాగితం మూడో లైను నుంచి రెండో కాగితం మూడో లైను తీసేస్తామా? రోల్ నంబరు చూసి ఎవరి మార్కుల పక్కన వాళ్లవి పెడతాం. ఒట్టి అంకెలతో లెక్కలు చేసే నమ్‌పై లైబ్రరీ లైను చూసి తీసేస్తుంది, డాట్ వాల్యూస్ పెడితే మీ చేతికొచ్చేది దాని అంకెలే. ఎక్స్‌అరే, పట్టికల కోసం వాడే పాండాస్ రెండూ రోల్ నంబరు చూస్తాయి. ఒక కాగితంలోనే ఉన్న పిల్లవాడిని ఏం చేయాలన్న దగ్గర ఈ రెండింటికీ తేడా ఉంది. పాండాస్ ఆ పేరును ఉంచి, ఎదురుగా నాన్, అంటే 'విలువ లేదు' అని రాస్తుంది. ఎక్స్‌అరే మామూలుగా రెండు కాగితాల్లోనూ ఉన్నవాళ్లనే ఉంచి, మిగతావాళ్ల లైన్లు కొట్టేస్తుంది. దీన్నే ఇన్నర్ జాయిన్ అంటారు. ఎర్రర్ రాదు, వార్నింగ్ కూడా రాదు. మీకు ఖాళీ జవాబు రావడానికి కారణం ఇదే.

ఇక మీ ఫైళ్లలోకి వద్దాం. మెమరీ ఎందుకు అయిపోయిందో ముందు చెప్తాను. ఎరా-5 కొత్త ఫైళ్లలో డైమెన్షన్ల పేర్లు లాటిట్యూడ్, లాంగిట్యూడ్ అని పూర్తిగా ఉంటాయి. ఓఐఎస్‌ఎస్‌టీలో లాట్, లాన్ అని పొట్టిగా ఉంటాయి. మనకు రెండూ ఒకటే. ఎక్స్‌అరేకి పేరు వేరైతే డైమెన్షన్ వేరు. వేరు డైమెన్షన్లున్న రెండింటి మధ్య మైనస్ పెడితే, ఇందులోని ప్రతి బిందువు నుంచి అందులోని ప్రతి బిందువునూ తీసేస్తుంది. బ్రాడ్‌కాస్టింగ్ అనేది ఇదే. మీ ఎరా-5 ముక్కలో 69 వరసలు, 61 నిలువులు, మొత్తం 4,209 బిందువులు. ఓఐఎస్‌ఎస్‌టీలో 68, 60, మొత్తం 4,080. రెండూ గుణిస్తే ఒక్క రోజుకే 1.7 కోట్ల అంకెలు. 365 రోజులకు 626 కోట్లు. అంకెకు 4 బైట్లు వేసుకున్నా 25 జీబీ. టైమ్ డైమెన్షన్ పేరు కూడా తేడాగా ఉంటే దీన్ని మళ్లీ 365 పెట్టి గుణించుకోండి. మీ ల్యాప్‌టాప్ తప్పేమీ లేదు. అడిగింది అంత పెద్ద లెక్క.

బ్రాడ్‌కాస్టింగ్ మంచిదే, రోజూ వాడేదే. పన్నెండు నెలల విడివిడి సగటుల్లోంచి ఒక్క ఏడాది సగటు తీసేయాలంటే దాని వల్లే ఒక్క లైనులో పని అవుతుంది. అయితే తీసివేతకు ముందు రెండింటి డైమెన్షన్ల పేర్లు, తర్వాత జవాబు డైమెన్షన్ల పేర్లు ప్రింట్ చేసి చూడటం చేతికి అలవాటు కావాలి. రెండింటికీ టైమ్, లాట్, లాన్ మూడే ఉంటే జవాబుకూ ఆ మూడే ఉండాలి. ఓఐఎస్‌ఎస్‌టీ రోజువారీ ఫైళ్లలో లోతు కోసం జెడ్‌లెవ్ అని ఒకే ఒక్క విలువ ఉన్న నాలుగో డైమెన్షన్ కూడా ఉంటుంది. స్క్వీజ్ చేసి దాన్ని ముందే తీసేయండి.

పేర్లు కలిపాక జవాబు ఎందుకు ఖాళీ అయిందన్నదే ఇందులో అసలు కథ. రెండూ పావు డిగ్రీ గ్రిడ్లే, నిజం. కానీ ఎరా-5 బిందువులు 17.50, 17.75, 18.00 మీద ఉంటాయి. ఓఐఎస్‌ఎస్‌టీ బిందువులు గడుల మధ్యలో, అంటే 17.375, 17.625, 17.875 మీద ఉంటాయి. ఒకదానికొకటి అరగడి పక్కకు జరిగి ఉన్నాయి. రెండు జాబితాల్లోనూ ఉన్న అక్షాంశం ఒక్కటీ లేదు, రేఖాంశమూ లేదు. ఉమ్మడి పేర్లనే ఉంచుతానన్న సాఫ్ట్‌వేర్‌కు ఉమ్మడి పేరే దొరకకపోతే ఖాళీ కాగితమే ఇస్తుంది. 69కీ 68కీ తేడా కూడా ఇక్కడి నుంచి వచ్చిందే. ఒకటి 5.0 దగ్గర మొదలై 22.0 దగ్గర ఆగితే, రెండోది 5.125 దగ్గర మొదలై 21.875 దగ్గర ఆగుతుంది. ఆ ఒక్క వరస తేడా మీకు ఏదో చెప్పాలని చూసింది. దాన్ని కోసేశారు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. ఎరా-5లో అక్షాంశాలు ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతాయి. ఓఐఎస్‌ఎస్‌టీలో దక్షిణం నుంచి ఉత్తరానికి ఎక్కుతాయి. లేబుళ్లతో, అంటే ప్రతి అంకెకు అంటుకున్న అక్షాంశం, రేఖాంశం చూసి తీసేస్తే ఎక్స్‌అరే దాన్ని సర్దుకుంటుంది. డాట్ వాల్యూస్ పెట్టిన క్షణం లేబుళ్లు పోయి ఒట్టి వరసలే మిగులుతాయి. అప్పుడు ఒకదాని మొదటి వరస ఉత్తరాన బెంగాల్ తీరం, రెండోదాని మొదటి వరస శ్రీలంక కిందున్న నీళ్లు. మీరు తీసేసింది ఆ రెండింటిని.

ఈ తప్పు నేనూ చేశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద తీరం దాటింది. ఊళ్లో చెట్టు నిలబడిన వీధి లేదు, చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు వచ్చాక నేను చేసిన మొదటి పని, తుపానుకు ముందు వారం సగటులోంచి తర్వాతి రోజుల సగటు తీసేసి నీళ్లు ఎంత చల్లబడ్డాయో చూడటం. ముందు వారానికి ఒక ఫైలు, తర్వాతి రోజులకు వేరే చోటి ఫైలు. లేబుళ్లు లేని పాత పద్ధతిలోనే చేశాను. వచ్చిన అంకెలు ఒకటీ రెండు డిగ్రీల మధ్యే ఉన్నాయి, చూడటానికి ఎంతో నమ్మకంగా ఉన్నాయి. మ్యాపు గీశాక మాత్రం చేయి ఆగిపోయింది. శ్రీలంకకు తూర్పున, నీళ్లు ఉండాల్సిన చోట, పెద్ద తెల్లటి ఖాళీ ఉంది. అక్కడ ఏ దీవీ లేదు. మానిటర్‌కు దగ్గరగా వంగి ఆ అంచు వెంట వేలు పెట్టి చూస్తే, అది తలకిందులైన ఒడిశా తీరం. నేల మీద విలువ ఉండదు కాబట్టి అక్కడ నాన్ ఉంటుంది. నాన్‌లోంచి ఏది తీసినా నాన్. తలకిందులైన ఫైల్లోని నేల అలా సముద్రం మధ్యలో బయటపడింది. మన విశాఖ 17.7 దగ్గరుంటే, తిరగబడ్డ ఫైల్లో దాని ఎదురుగా కూర్చున్నది 9.3. నడిసముద్రంలో చిన్న ముక్క మాత్రమే తీసుకుని ఉంటే నేల కనిపించేది కాదు, ఆ లెక్క అలాగే బయటికి పోయేది.

అందుకే తీసివేత అయ్యాక సగటు కంటే ముందు మ్యాపు చూడమంటాను. తీరం రేఖ ఒక్కటే ఉందా, రెండు ఉన్నాయా చూడండి. నాన్‌ల లెక్క కూడా చూడండి. జవాబులో ఉన్న నాన్‌లు రెండు ఫైళ్లలో ఎక్కువున్నదానికంటే తగ్గకూడదు, మరీ పెరిగితే ఎక్కడో జోడీ తప్పింది.

ఇక దారి. ఎరా-5ను ఓఐఎస్‌ఎస్‌టీ బిందువుల మీదికి ఇంటర్‌పొలేట్ చేయండి, అంటే చుట్టూ ఉన్న విలువల నుంచి మధ్య బిందువు విలువ లెక్కగట్టండి. ఎక్స్‌అరేలో ఇంటర్ప్ అనే ఫంక్షన్‌కి రెండోదాని లాట్, లాన్ ఇస్తే చాలు. ఇక్కడ గ్రిడ్లు సరిగ్గా అరగడి జరిగి ఉన్నాయి కాబట్టి, ఆ ఫంక్షన్ చేసేది చుట్టూ ఉన్న నాలుగు బిందువుల సగటు తీయడమే. దీన్ని చేత్తో సరిచూడొచ్చు. తీరానికి దూరంగా 17.125, 83.875 బిందువు తీసుకోండి. దాని చుట్టూ ఎరా-5లో 17.00, 17.25 అక్షాంశాలు, 83.75, 84.00 రేఖాంశాలు. ఆ నాలుగు విలువలు 301.62, 301.58, 301.70, 301.66 అనుకుందాం, ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు. సగటు 301.64. ఇది కెల్విన్. 273.15 తీసేస్తే 28.49 సెల్సియస్. ఓఐఎస్‌ఎస్‌టీలో ఆ బిందువు దగ్గర 28.31 ఉంటే తేడా 0.18. ప్రోగ్రాం ఇచ్చిన జవాబులో ఆ బిందువు దగ్గర అదే అంకె ఉందా లేదా? ఈ ఒక్క బిందువుకు పట్టేది పది నిమిషాలు. వెయ్యి బిందువుల గ్రాఫు చూసినా రాని నమ్మకం దీంతో వస్తుంది.

టైమ్‌కూ ఇదే జబ్బు. మీ ఓఐఎస్‌ఎస్‌టీ ఫైళ్లలో తేదీ పక్కన మధ్యాహ్నం 12 గంటలు అని ఉంది, ఎరా-5ను రోజువారీ సగటు చేశాక 00 గంటలు అని పడుతుంది. మనకు ఒకే రోజు, సాఫ్ట్‌వేర్‌కు రెండు వేరు క్షణాలు, మళ్లీ ఖాళీ. రెండు టైమ్‌లనూ రోజు మొదటికి, అంటే 00 గంటలకు ఫ్లోర్ చేసేయండి. తేదీలు ఒక రోజు అటూ ఇటూ జరగలేదని మొదటి తేదీ, చివరి తేదీ ప్రింట్ చేసి చూసుకోండి.

దశాంశాల దగ్గర కూడా ఒక మెలిక ఉంది. మీ గ్రిడ్‌కు అది తగలదు. 0.25, 0.125 లాంటివి కంప్యూటర్ వాడే బైనరీలో, అంటే 0, 1 మాత్రమే ఉన్న లెక్కలో కచ్చితంగా ఇముడుతాయి. రేపు 0.1 డిగ్రీ గ్రిడ్ డేటా పట్టుకుంటే గుర్తుంచుకోండి. ఒక ఫైలు అక్షాంశాలను 32 బిట్ల ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలు దాచే రకం), ఇంకో ఫైలు 64 బిట్లలో దాస్తే, మొదటిదాంట్లోని 17.7 నిజానికి 17.70000076. స్క్రీన్ మీద రెండూ 17.7 అనే కనిపిస్తాయి, జోడీ మాత్రం కలవదు. అప్పుడు రెండింటినీ ఒకే దశాంశానికి రౌండ్ చేసి, ఒకే రకంలోకి మార్చాలి.

వీటన్నిటికీ ఒక్క రక్షణ ఉంది. నోట్‌బుక్ మొదటి సెల్‌లోనే ఎక్స్‌అరే సెట్ ఆప్షన్స్‌లో అరిథ్మెటిక్ జాయిన్ అనేదాన్ని 'ఎగ్జాక్ట్' అని పెట్టండి. ఇక లేబుళ్లు పూర్తిగా కలవకపోతే ఖాళీ జవాబు బదులు ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వస్తే చిరాకే, కానీ అది మనకు మేలు చేసే చిరాకు. నా దగ్గర పనికి చేరే పిల్లలందరి చేతా ముందు ఈ లైనే రాయిస్తాను.

కెల్విన్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నోట్‌బుక్‌లో 273.15 తీసేసే సెల్‌ను పొరపాటున రెండుసార్లు రన్ చేస్తే, 28.49 కాస్తా మైనస్ 244.66 అవుతుంది. అది కంటికి కనిపించే తప్పు, దొరికిపోతుంది. దొరకనిది వేరే ఉంది. పాతదాన్ని కొత్త పేరుకు ఈక్వల్ పెట్టి, కొత్త పేరు మీద 'మైనస్ ఈక్వల్'తో తీసేస్తే పాతది కూడా మారిపోతుంది. రెండు పేర్లు, సరుకు ఒకటే. మార్చిన ప్రతిసారీ కొత్త పేరుతో, పూర్తి తీసివేత రాసి కొత్త ఆబ్జెక్ట్ తయారు చేసుకోండి. యూనిట్స్ అని రాసి ఉండే చీటీని కూడా చేత్తో సరిచేయండి. ఎక్స్‌అరే వెర్షన్‌ను బట్టి లెక్క అయ్యాక ఆ చీటీ ఊడిపోవచ్చు, లేదా పాత 'కెల్విన్' అనే రాతతోనే అంటుకుని ఉండొచ్చు. రెండోదే ఎక్కువ నష్టం. ఎక్స్‌అరే అంకెలను చూడదు, చీటీని మోస్తుందంతే.

ఓఐఎస్‌ఎస్‌టీ ఫైలును ఎక్స్‌అరేతో కాకుండా వేరే దాంతో తెరిచేవాళ్లకు ఒక మాట. లోపల ఉష్ణోగ్రత 28.31 అని ఉండదు, 2831 అనే 16 బిట్ల పూర్ణాంకంగా ఉంటుంది, పక్కన 0.01తో గుణించుకోమని స్కేల్ ఫ్యాక్టర్ ఉంటుంది. ఎక్స్‌అరే తెరిచేటప్పుడే గుణించి ఇస్తుంది. ఆ పని జరగకుండా పచ్చి అంకెలను ప్లస్‌తో ఒకదానికొకటి కలుపుకుంటూ పోతే, 16 బిట్లలో పట్టే గరిష్ఠం 32,767. 2831ని పదకొండుసార్లు కలిపితే 31,141, బాగానే ఉంటుంది. పన్నెండోసారి మైనస్ 31,564 అవుతుంది. నమ్‌పై అర్రేల్లో ఇది చప్పుడు లేకుండా జరుగుతుంది. లెక్కకు ముందు ఫ్లోట్‌లోకి మార్చుకుంటే ఈ బాధ లేదు.

బంగాళాఖాతం మొత్తానికి ఒకే సగటు తేడా చెప్పాలనుకుంటే మామూలు మీన్ వాడకండి. పైకి వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి, గడి వైశాల్యం అక్షాంశపు కొసైన్ మేరకు తగ్గుతుంది. 5 డిగ్రీల దగ్గర అది 0.996, 22 దగ్గర 0.927. వెయిటెడ్ అనే ఫంక్షన్‌కు ఆ కొసైన్లు ఇస్తే సరిపోతుంది.

చివరగా మీ ప్రాజెక్టుకు సంబంధించి, ఇది లెక్క కంటే ముఖ్యం. ఇంటర్‌పొలేషన్‌లో నాలుగు మూలల్లో ఒక్కటి నేల మీద పడినా జవాబు నాన్. అంటే తీరం వెంట ఒక గడి, దాదాపు 28 కిలోమీటర్ల పట్టీ, మీ తేడా మ్యాపులోంచి మాయమవుతుంది. మనకు కావాల్సింది తరచుగా ఆ పట్టీయే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు నైరుతి గాలి తీరం వెంట వీచి పైనీళ్లను బయటికి నెడితే, మన తీరం దగ్గర కింది చల్లనీళ్లు పైకి వస్తాయి. 1950లలో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఈ తీరం దగ్గరే దాన్ని కొలిచి రాశారు. ఆర్కే బీచ్‌లో నిలబడి చూసే నీళ్ల గురించే మీ రిపోర్టు అయితే, ఈ తీసివేత వాటి గురించి ఏమీ చెప్పదు. ఆ ఖాళీని పక్క గడి విలువతో నింపేసి మ్యాపు అందంగా చేయకండి. ఖాళీగానే ఉంచి, ఎందుకు ఖాళీయో ఒక వాక్యం రాయండి. గైడ్ గారు ఒప్పుకుంటారు.

ఇంకో వాక్యం కూడా రాయండి. ఎరా-5 ఈ ఉష్ణోగ్రతను తానుగా లెక్కగట్టదు. 2007 సెప్టెంబరు నుంచి బ్రిటన్ మెట్ ఆఫీస్ వాళ్ల ఓస్టియా విశ్లేషణ నుంచి తీసుకుని వాడుతుంది. కాబట్టి మీ తేడాను 'మోడల్‌లో తప్పు' అనకండి, అది రెండు విశ్లేషణల మధ్య తేడా.

ముందు ఆ 17.125, 83.875 బిందువు లెక్క కాగితం మీద వేయండి. ప్రోగ్రాం అంకెతో కలవకపోతే ఆ నాలుగు విలువలూ, రెండు ఫైళ్ల డైమెన్షన్ల ప్రింటూ ఇక్కడ పెట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత చూసి చెప్తాను.